పెద్దకోడలికి చెప్పొద్దు

బుధవారం సాయంత్రం ప్రార్థన ముగిసి, నమ్ పాస్టరుగారు ప్రకటనల కాగితం తీయగానే మల్సున్ జుట్టు సవరించుకుంది. తన పేరు పిలుస్తారన్న విషయంలో ఆమెకు అనుమానమేమీ లేదు. లేచి ముందుకు వెళ్లడానికి దారి ఉండాలని, పక్కన కూర్చున్న గుమ్‌రేని మోకాళ్లు జరుపుకోమని ముందే చెప్పిపెట్టింది కూడా.

ఆగస్టులో మొదలైన పని అది. పరిశుద్ధ గ్రంథాన్ని సంఘంలోని నలభై ముగ్గురూ చీటీలు వేసి పంచుకున్నారు. గళ్ల కాగితాల మీద గడికో అక్షరం చొప్పున చేత్తో రాయాలి. తెల్లరంగు పూసి దిద్దడం కుదరదు. ఒక్క అక్షరం తప్పినా ఆ కాగితం చించేసి మళ్లీ రాయాలి. అంతా సంపుటాలుగా కుట్టి, కృతజ్ఞతా పండుగ ఆదివారం నాడు కొత్త పంట పక్కన బల్లమీద పెట్టాలి. అందులోంచి ఒక భాగాన్ని, రాసిన మనిషే నిలబడి చదవాలి. ఆ చదివే మనిషి ఎవరన్నదే ఇప్పుడు తేలబోతోంది. పాతికేళ్లుగా చర్చి నోటీసు బోర్డు రాస్తున్న చెయ్యి మల్సున్‌ది. ఊరి పెళ్లి శుభలేఖల మీద పేర్లు రాసే చెయ్యీ అదే. ఇంకెవర్ని పిలుస్తారు?

“అందరికంటే ముందు రాసి ఇచ్చినవారు సంఘపెద్ద ఒక్బున్ గారు,” అన్నారు పాస్టరుగారు. “నూట పద్దెనిమిది కాగితాలు, ఒక్క కొట్టివేత లేదు. ఆదివారం వారే చదువుతారు. ఇల్లు విడిచిపోయిన చిన్నకొడుకు తిరిగొచ్చిన కథ.”

ముందు వరసలోంచి ఒక్బున్ లేచి, అందరికీ వంగి నమస్కారం పెట్టి కూర్చుంది. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి, వెన్ను ఇంకా నిటారుగానే ఉంది. ఆమె మల్సున్‌కి స్వయానా తోడికోడలు, ఆ ఇంటి పెద్దకోడలు. అన్నదమ్ముల భార్యలు, పక్కపక్క ఇళ్లు, మధ్యలో నడుమెత్తు గోడ.

“ఇంకొక మాట,” అన్నారు పాస్టరుగారు. “వచ్చే మంగళవారం చర్చికి చలికాలపు కిమ్చీ పచ్చడి పెట్టుకుంటున్నాం. మూడొందల క్యాబేజీలు. కారం ఎప్పటిలాగే ఒక్బున్ గారే కలుపుతారు.”

గుమ్‌రే మోకాళ్లు మళ్లీ ముందుకు పెట్టుకుంది. “ఇక జరగక్కర్లేదుగా, అక్కా?” అంది, నవ్వు ఆపుకుంటూ.

“నోరు ముయ్యి,” అంది మల్సున్.

బయట చెప్పులేసుకునే చోట ఆమె పాస్టరుగారిని పట్టుకుంది. ఆయనకి ముప్పై ఎనిమిదేళ్లు. ఈ ఊరి ఆడవాళ్లంటే దేవుడి తరవాత ఆయనకి అంత భయం.

“నాకేం భాగం వచ్చిందో మీకు గుర్తుందా పాస్టరుగారూ? తమ్ముడు అన్న దీవెన కొట్టేస్తాడు. అక్కాచెల్లెళ్లు ఒక్క మొగుడి కోసం పోటీపడి పిల్లల్ని కంటారు. అన్నలు తమ్ముణ్ణి గోతిలో తోసేసి, పక్కనే కూర్చుని అన్నం తింటారు. మూడు నెలలు రాశాను. ఒక్కడికైనా ఇంకొకణ్ణి చూస్తే కడుపు చల్లగా ఉందా ఆ పుస్తకంలో?”

“చీటీల్లో వచ్చింది కదమ్మా.”

“దేవుడు మా ఇంటి సంగతి తెలిసే వేశాడు ఆ చీటీ.”

పాస్టరుగారు నవ్వేశారు. “సువార్తల సంపుటం ఒక్కటీ కుట్టడం మిగిలింది. మీ చేతి కుట్టయితేనే నాకు నమ్మకం,” అని కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టారు. మల్సున్ దాన్ని వద్దనలేకపోయింది. మోసుకుంటూ ఇంటిదాకా తనలో తను గొణుక్కుంటూనే ఉంది.

గురువారం పొద్దున యూజా తోటలో పని. మన దబ్బకాయ లాంటిదే యూజా, వాసన కూడా దానికి తీసిపోదు, కాని చెట్టునిండా ముళ్లు. ఎంత మందం చేతితొడుగులు వేసుకున్నా మధ్యాహ్నానికి వేళ్లు చిల్లులు పడతాయి. మల్సున్ మూడు గంపలు నింపి, మొగుడికి చేపల కూర పెట్టి, వేళ్లకి మందుపట్టీలు చుట్టుకుని, కాగితాల కట్టతో చర్చి వంటగదికి వెళ్లింది. కింద వేడినీళ్ల గొట్టాలున్న నేల వెచ్చగా ఉంది. కాగితాలు పరిచి, కళ్లజోడు పెట్టుకుని, కుట్టే ముందు ఒకసారి సరిచూద్దామని ఒక్బున్ కట్ట విప్పింది. సరిచూడటమంటే తప్పులు వెతకడమే, ఇందులో దాచేదేముంది.

మొదటి కాగితం చూసి కనుబొమలు ముడిచింది. రాత బావుంది. బావుండటం కాదు, అచ్చేసినట్టుంది. మూడో కాగితంలో మాత్రం వాక్యం మధ్యలో ఒక అంకె వచ్చింది. అచ్చు పుస్తకంలో పేజీ నంబరు అది. దాన్నీ గడిలో పెట్టి రాసేసింది మహాతల్లి. ప్రతి రెండు కాగితాలకీ అంతే, పేజీ నంబరు, పైన ఉండే శీర్షిక, అన్నీ వాక్యాల్లో కలిపేసింది. “పరధ్యానంలో రాసినట్టుంది,” అనుకుని మల్సున్ హాయిగా నవ్వుకుంది. తెల్లవారుజామున నిద్రకళ్లతో రాస్తే తనకీ ఇలాంటివి జరిగాయి. తను చించేసి మళ్లీ రాసింది. సంఘపెద్దగారు రాయలేదు, అంతే తేడా.

నూట రెండో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

పస్కా భోజనం ఘట్టం అది. గురువు రొట్టె విరిచి ఇచ్చి, తనకు రాబోయే మరణం గురించి చెబుతాడు. ఆ మాట చెవుల్లో ఉండగానే శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదులాట మొదలుపెడతారు. సరిగ్గా ఆ వాక్యం పక్కనే, అవే చక్కటి అక్షరాలతో, గడికో అక్షరం చొప్పున ఇలా ఉంది: చిన్నదాని కిమ్చీయే రుచి. పెద్దకోడలికి చెప్పొద్దు.

మల్సున్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. అక్షరాలు అక్కడే ఉన్నాయి.

ఒక్బున్ దగ్గరున్నది అత్తగారి పాత గ్రంథం. ముసలావిడ పోయి తొమ్మిదేళ్లయింది. పెన్సిలు ముక్క చెవి వెనక దోపుకుని వాక్యం చదివేది. పుస్తకం అంచుల్లో ఉప్పు ఎంత, మిరపకాయలు ఎంత అని రాసుకునేది. అంచులో రాసుకున్న మాటని కూడా పెద్దకోడలు వాక్యమనుకుని ఎక్కించేసిందన్నమాట!

మల్సున్ తొడ చరుచుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ ఇంటికొచ్చి ముప్పై తొమ్మిదేళ్లు. అత్తగారు బతికున్నన్నాళ్లూ ప్రతి చలికాలం కిమ్చీ పెట్టి, మొదటి ముక్క అత్తగారి నోటికి అందించి, ఎదురుగా నిలబడేది. ప్రతిసారీ ఒకే మాట, “ఉప్పు తక్కువ.” ఆ ముసలావిడ మనసులో ఇదా ఉన్నది! ఎంత గట్టి మనిషి!

సంతోషం అక్కడితో ఆగి ఉంటే బావుండేది. ఆగలేదు. ఆమె ఆ కాగితం పట్టుకుని నేరుగా చర్చిలోకి నడిచింది. పాస్టరుగారు నిచ్చెనెక్కి ఎండు ఖర్జూరాల్లాంటి పెర్సిమన్ పళ్ల దండలు కడుతున్నారు.

“పాస్టరుగారూ, చిన్నకొడుకు కథ ఏటా వినేదేగా. శిష్యుల వాదులాట చదివిస్తే ఎలా ఉంటుంది? అక్క కాగితాలన్నిట్లోకీ ఆ కాగితం రాత ముత్యాలే అనుకోండి.”

నిచ్చెన మీదనుంచి పాస్టరుగారు ఆమెని కాసేపు చూశారు. తోడికోడలిని తోడికోడలు మెచ్చుకోవడం ఆయన ఈ ఊరికి వచ్చాక వినలేదు. “ఎంత మంచి మాటమ్మా!” అన్నారు మనస్ఫూర్తిగా. “పంట ఇచ్చిన దేవుడి ముందు అణకువ నేర్పే వాక్యం. అదే పెడదాం. ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.”

ఆ సాయంత్రం మల్సున్ సంపుటం కుట్టేసింది. మైనం పట్టించిన దారం, అయిదు రంధ్రాలు, వీపుకి జిగురు, పైన గుడ్డ. కుడుతున్నంతసేపూ పాట పాడుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున ఆమె నిచ్చెన మీద ఉండగా కింద ఎవరో నిలబడ్డారు. చూస్తే ఒక్బున్. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె.

“దిగవే.”

“ఇంకా సగం చెట్టు ఉందక్కా.”

“చెట్టెక్కడికీ పోదు. దిగు.”

మల్సున్ దిగింది. గిన్నెలో వేడి వేడి గుమ్మడికాయ జావ ఉంది. ఒక్బున్ తనింటి గిన్నెతో గోడ దాటి రావడం సంవత్సరానికి ఒకటి రెండుసార్లు జరిగే పని. మల్సున్ ఆ గిన్నె వంక అనుమానంగా చూసింది. తెలిసిపోయిందా?

ఒక్బున్ బోర్లించిన గంప మీద కూర్చుంది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తోటవైపు చూస్తూ అంది. “పాస్టరు ఫోన్ చేశాడు. ఆ కాగితంలో నా రాత ముత్యాల్లా ఉందన్నావట.”

“అ… అన్నాను.”

“రాతలో అంతటిదానివి, నువ్వన్నావంటే ఊరికే అనవు. రాత్రి మీ బావగారికి మూడుసార్లు చెప్పాను. ఆయన చెవులు మూసుకున్నాడు. అందుకే నీ దగ్గరకే వచ్చా. నాకు చదువు రాదే.”

“ఏ చదువు?”

“అక్షరాలు. ఒక్క ముక్క రాదు.”

మల్సున్ చేతిలో కోత కత్తెర అలాగే ఉండిపోయింది. “నూట పద్దెనిమిది కాగితాలు రాశావుగా!”

“గీశాను. గడికో బొమ్మ. ఏ బొమ్మ ఏమిటో నాకేం తెలుసు? పెళ్లిచూపుల్లో చదువు వచ్చని మా నాన్న అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధం మీదే సంసారం చేశాను. పాటలన్నీ నోటికొచ్చు. పక్కనోళ్లు పేజీ తిప్పితే నేనూ తిప్పుతాను. ఎవరైనా చదవమంటే కళ్లజోడు ఇంట్లో మర్చిపోతాను.”

నిజమే, ఒక్బున్ కళ్లజోడు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది. ఇన్నేళ్లుగా అది గర్వమని మల్సున్ అనుకుంటూ వచ్చింది.

“చిన్నకొడుకు కథయితే నాకు కంఠతా వచ్చు, ఎలాగో గట్టెక్కేదాన్ని. ఈ వాదులాట సంగతి రాదు.”

“నేను చెప్తాలే పాస్టరుగారితో. పాతదే చదువుదువుగాని.” మల్సున్ మాట తడబడింది. “ఇప్పుడే వెళ్తా.”

“వద్దు.” ఒక్బున్ గంప మీదనుంచి లేచింది. “నాకు నేర్పు. ఆదివారానికి రెండు రోజులున్నాయి. దేవుడి ఎదుట ఒక్క పేజీ నిజంగా చదివి చస్తాను.”

మల్సున్ కత్తెర పళ్ల గంపలో పడేసింది. ఒక్బున్ ఆమె మొహం వంక చూసి ఏమనుకుందో ఏమో, ఒక్కసారిగా విసురుగా అంది. “ఏం, సంబరంగా ఉందా? నువ్వు కాపురానికొచ్చిన రోజు అత్తగారు పేపరు తీసి నీ చేతికిచ్చారు. గబగబా చదివేశావు. పొయ్యి దగ్గర కూర్చుని విన్నాను. ఆ రోజునుంచీ నువ్వంటే నాకు కడుపుమంటే.”

“నీకా? నామీదా?”

“మరి గుమ్‌రే మీదా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మల్సున్‌కి నవ్వు రాబోయి ఆగింది. తను చేసిన పని గుర్తొచ్చి తల దించుకుంది. జావ గిన్నె తీసుకుని, “లోపలికి రా, నేల వెచ్చగా ఉంది,” అంది.

ఆ రోజు మిగతా సగం చెట్టు అలాగే ఉండిపోయింది. మల్సున్ మొదట క, గ అంటూ మొదలుపెట్టి, గంటలోనే ఆ పద్ధతి వదిలేసింది. ఒక్బున్‌కి రాయడం ఎలాగూ వచ్చు, చేతికి ప్రతి గీతా తెలుసు, నోటికి మాత్రం తెలియదు. అందుకని చిన్నకొడుకు కథని గళ్ల కాగితం మీద తనే రాసి ముందు పెట్టింది.

“ఇది నీకు కంఠతా వచ్చుగా. ఒక్కో గడి మీద వేలు పెట్టి, ఒక్కో ముక్కే పలుకు. గడికి ఒకటే. తొందరపడొద్దు.”

ఒక్బున్ వేలు పెట్టింది. కారం, వెల్లుల్లి నలిపి నలిపి మొద్దుబారిన వేలది. ఒక్కో గడీ జరుగుతూ పలికింది. ఇంట్లో బతకలేనని చిన్నకొడుకు వెళ్లిపోయాడు, పందుల దొడ్లో తేలాడు, తిరిగొచ్చాడు. తండ్రి పరుగెత్తుకొచ్చాడు. పెద్దకొడుకు పొలం నుంచి వచ్చి, విందు సంగతి విని, కోపంతో వాకిట్లోనే నిలబడిపోయాడు. అక్కడికొచ్చేసరికి ఒక్బున్ వేలు టక్కున వెనక్కి పోయింది.

“ఇది ‘కొ’. అక్కడా ‘కొ’. ఇదిగో ఇక్కడా!”

“అవునక్కా.”

“ఇన్నాళ్లూ ఇదే బొమ్మ గీశానా నేను? వందసార్లు గీసుంటాను!” ఆమె చిన్నపిల్లలా కాగితమంతా వెతికి ఆ అక్షరం ఎక్కడెక్కడుందో గుచ్చి చూపించింది. మల్సున్ మొగుడు గుమ్మంలోకొచ్చి, వదిన తమ ఇంట్లో కూర్చుని నవ్వుతూ ఉండటం చూసి, ఏదో అనబోయి, మళ్లీ తోటలోకి వెళ్లిపోయాడు.

శనివారం వాదులాట కాగితం దగ్గరకి వచ్చారు. కుట్టిన సంపుటం చర్చిలో ఉంది కాబట్టి, మల్సున్ ఆ కాగితాన్ని ఫోన్‌లో తీసిన ఫోటోలో పెద్దది చేసి చూపించింది. ఒక్బున్ చెమటలు కక్కుతూ, తప్పుతూ, దిద్దుకుంటూ వచ్చింది. ఆ రెండు మాటలు రావడానికి ముందే మల్సున్ ఫోన్ పైకి జరిపేసింది.

“ఆ మధ్యలో ఏముందే?”

“ఏం లేదు. అత్తగారు ఉప్పు ఎంతో రాసుకున్నారు, నువ్వది కూడా ఎక్కించావు. వదిలేసి కింద వాక్యం చదువు.”

“అయ్యో, తప్పు రాశానా?”

“తప్పేం కాదు. కావాలంటే ఆ కాగితం విప్పి మళ్లీ రాద్దాం.”

“వద్దు. నువ్వు ముత్యాలన్నది దాన్నేగా.”

మల్సున్ ఉండబట్టలేకపోయింది. “అక్కా, నేను ఆ కాగితం ఎందుకు చెప్పానంటే…”

“మాట్లాడకే! గడి తప్పిపోతుంది!”

మల్సున్ తరవాతి వాక్యం కనబడేలా ఫోన్ జరిపింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. బల్లచుట్టూ గుమ్మడికాయలు, ముల్లంగి, కొత్త బియ్యం బస్తా, గంపలనిండా యూజాలు. వాసనకి కళ్లు మూతపడుతున్నాయి. ఒక్బున్ లేతాకుపచ్చ పండగబట్టలు కట్టుకుని బల్లదగ్గర నిలబడింది. ముక్కు మీద కళ్లజోడు ఉంది. జనంలో గుసగుస లేచింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకోగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

వేలు కాగితం మీద పెట్టింది. చదవడం మొదలుపెట్టింది.

నెమ్మదిగా, గడి గడికీ ఆగుతూ చదివింది. భక్తి కొద్దీ అంత నిదానమని జనం అనుకున్నారు. మల్సున్ మూడో వరసలో కూర్చుని, పెదాలు కదుపుతూ, ఆ వేలు వెంబడే గడులు దాటుతోంది. రొట్టె విరిచారు. గిన్నె అందుకున్నారు. శిష్యులు వాదులాటకి దిగారు. ఇప్పుడు వదిలెయ్యాలి, కిందికి పోవాలి. పో, అక్కా, కిందికి పో!

వేలు ఆగింది.

ఒక్బున్ తల వంచి కాగితాన్ని చూసింది. ఒక గడి చూసింది, పక్క గడి చూసింది. పెదాలు ఒకసారి చప్పుడు లేకుండా కదిలాయి. మల్సున్ ముందు బల్ల అంచు పట్టుకుంది. అయిపోయింది, అనుకుంది. నా చేతులారా చేశాను.

“చిన్న… దాని… కిమ్… చీ… యే… రుచి,” చదివింది ఒక్బున్, అదే గొంతుతో, అంతే నిదానంగా. “పెద్ద… కో… డలికి… చెప్… పొద్దు.”

పాస్టరుగారు తన పుస్తకంలో అలాంటి వాక్యం కోసం గబగబా వెతుకుతున్నారు. ఎక్కడో వెనకాల గుమ్‌రే ఒక్కసారిగా ముక్కుతో నవ్వింది. అంతే, చర్చంతా ఘొల్లుమంది. ముసలాళ్లు బల్లలు చరిచారు. మల్సున్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఒక్బున్ మాత్రం నవ్వడం లేదు. వేలు ఇంకా చివరి గడి మీదే ఉంది. కళ్లజోడు వెనకనుంచి నీళ్లు బుగ్గల మీదకి జారుతున్నాయి. తలెత్తింది. ఆ మొహం అంత వెలిగిపోవడం మల్సున్ ముప్పై తొమ్మిదేళ్లలో చూడలేదు.

“మా అత్తగారి రాత,” అంది అందరితో. “నాకు చెప్పొద్దన్నారు. ఎవరూ చెప్పలేదు. నేనే చదువుకున్నాను.”

తరవాత ఆమె వేలు కిందికి జరిపి, మిగిలిన వాక్యాలన్నీ ఒక్కటి కూడా వదలకుండా చదివింది. గొప్పవాడు కావాలనుకునేవాడు వడ్డించేవాడిలా ఉండాలన్న మాట దాకా వచ్చి, పుస్తకం మూసి, బల్లమీద అరచేత్తో తట్టింది. “మంగళవారం కారం మల్సున్ కలుపుతుంది. ముసలావిడ మాట తీసెయ్యలేను. క్యాబేజీలు నేను కడుగుతాను,” అని వెళ్లి తన వరసలో కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల గదిలో మల్సున్ గిన్నె పట్టుకుని ఒక్బున్ ఎదురుగా వచ్చి కూర్చుంది. “అక్కా, ఆ కాగితం నేనే… రాత బావుందని కాదు… నిన్ను…”

“తెలుసు,” అంది ఒక్బున్, చారు ఊదుకుంటూ. “రెండో గడి చదవగానే తెలిసింది. ముందు నిన్ను పళ్లతో నమిలేద్దామనుకున్నా. మూడో గడి కూడా నాకే వచ్చేసరికి సంతోషంలో కోపం మర్చిపోయా.”

“మరి పైకి ఎందుకు చదివావు? వదిలెయ్యమన్నానుగా.”

“చదవగలిగినదాన్ని వదిలెయ్యమంటావా? డెబ్భై ఒక్క ఏళ్లు వదిలేశాను, చాలదూ?” ఒక్బున్ చారుగిన్నె దించింది. “సోమవారం నుంచి రోజూ వస్తా. పేపరు తెప్పించు. అది చదవాలి నేను.”

మల్సున్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఏం చెయ్యాలో తెలియక, తన ఇంటినుంచి తెచ్చిన కిమ్చీ గిన్నె మూత తీసింది. మంచి ముక్క ఒకటి ఏరి, తినే పుల్లలతో పట్టుకుని, గోడకి అటువైపు ఎన్నడూ అందించని చెయ్యి చాచి ఒక్బున్ నోటికి అందించింది. చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపి చూస్తున్నారు.

ఒక్బున్ కళ్లు మూసుకుని నిదానంగా నమిలింది. మింగింది. కళ్లు తెరిచింది.

“ఉప్పు తక్కువ,” అంది. గిన్నె తనవైపు లాక్కుని ఇంకో ముక్క తీసుకుంది.